ములికి పెట్టె మీద రాయని సంగతులు: బ్రాడ్‌హెడ్ తయారీదారులకు, అమ్మకందారులకు, వేట అనుమతి అధికారులకు బహిరంగ లేఖ

బ్రాడ్‌హెడ్ ములుకులు (వేట బాణం కొనకు బిగించే, కోసే అలుగులున్న మొనలు) తయారుచేసే సంస్థల బాధ్యులకు, వాటిని అమ్మే దుకాణదారులకు, విల్లు వేట నేర్పే శిక్షకులకు, వేట అనుమతులు మంజూరు చేసే వన్యప్రాణి శాఖల అధికారులకు,

నమస్కారం.

వేట చట్టబద్ధమైన చోట, వేటకాలంలో, అనుమతి పత్రం తీసుకుని పన్నెండేళ్లుగా విల్లుతో జింకలను, రెండుసార్లు ఎల్క్ అనే పెద్ద జింకజాతి జంతువును వేటాడిన మనిషిని నేను. మీలో చాలామంది మీ పనిని శ్రద్ధగా చేస్తారని ఎరుగుదును. ఆ శ్రద్ధ మీద నమ్మకంతోనే ముందు మీకు విడివిడిగా ఉత్తరాలు రాశాను. వాటికి తగిన జవాబు రాలేదు కనుక ఇప్పుడు అందరికీ కలిపి, అందరూ చూసేలా రాస్తున్నాను.

జరిగినది ఇది. రెండేళ్ల కిందట మా చెల్లెలు తొలిసారి జింక వేటకు సిద్ధపడింది. ఆమె కాంపౌండ్ విల్లు (కప్పీలతో పనిచేసే విల్లు) లాగుడు బరువు, అంటే తాడును లాగడానికి కావలసిన బలం, 45 పౌండ్లు, లాగే పొడవు 26 అంగుళాలు. ములికితో కలిపి బాణం బరువు 350 గ్రెయిన్లు (గ్రాముకు సుమారు 15 గ్రెయిన్లు). వేగమాపకం మీద చూస్తే ఆ బాణం సెకనుకు 195 అడుగుల వేగంతో పోయేది. ఈ వివరాలన్నీ కాగితం మీద రాసుకునే దుకాణానికి వెళ్లింది. అమ్మకందారు ఆ కాగితం వైపు ఒకసారి చూసి, అలుగులు ముడుచుకుని ఎగిరి, తాకాక విచ్చుకుంటే 2 అంగుళాల వెడల్పు వచ్చే మెకానికల్ ములుకుల పెట్టెను చేతిలో పెట్టాడు. దానితో కొడితే నెత్తుటి జాడ రంగు పోసినట్టు కనబడుతుందని చెప్పాడు. పెట్టె మీద వెడల్పు ఉంది, 100 గ్రెయిన్ల బరువు ఉంది, సాధనలో వాడే అలుగుల్లేని మొనలాగే సూటిగా ఎగురుతుందన్న హామీ ఉంది. ఎంత బలం ఉన్న విల్లుకు అది పనికొస్తుందన్న మాట మాత్రం పెట్టెకు ఆరు వైపులా వెతికినా లేదు.

20 గజాల దూరంలో జింక పక్కకు తిరిగి నిలబడినప్పుడు ఆమె బాణం వదిలింది. బాణం తగలవలసిన చోటికి బెత్తెడు ముందుగా, జబ్బ ఎముక అంచున తగిలింది. జింక ఆ బాణంతోనే పరుగెత్తింది. మూడు వందల గజాల అవతల బాణం కింద పడి దొరికింది. కాడ మీద నాలుగు అంగుళాల మేరకే నెత్తురు ఉంది. ములికికి ఉన్న రెండు అలుగుల్లో ఒకటి పూర్తిగా విచ్చుకుని ఉంది, రెండోది సగంలో ఆగి వంగిపోయి ఉంది. మర్నాడు మధ్యాహ్నం దాకా నలుగురం పొదపొదా గాలించినా జింక దొరకలేదు. ఈ లేఖ రాస్తున్నానని చెప్పినప్పుడు మా చెల్లెలు, "తప్పంతా పెట్టె మీదికి నెట్టకు, గురి తప్పింది నేను," అంది. అది నిజమే, ఒప్పుకుంటాను. కాని బెత్తెడు గురి తప్పడం ఏ వేటగాడికైనా ఎప్పుడో ఒకప్పుడు జరిగేదే. ఆ బెత్తెడును కొంతైనా భరించగల ములికి ఏదో, అసలు భరించలేనిది ఏదో కొనేముందు తెలుసుకునే వీలు ఆమెకు లేకపోవడమే నా ఫిర్యాదు.

తయారీదారుకు మొదటి ఉత్తరం రాస్తే, మీ సందేశం అందిందని యంత్రం జవాబిచ్చింది. రెండో ఉత్తరానికి మనిషే స్పందించి, విచారం వ్యక్తం చేసి, ఉచితంగా మరో పెట్టె పంపారు. అందులోనూ అవే ములుకులు. అమ్మిన దుకాణం నుంచి ఉలుకూ పలుకూ లేదు. అనుమతులిచ్చే కార్యాలయంలో అడిగితే, ఆ ములికి నిబంధన కోరిన కనీస వెడల్పుకు రెట్టింపుకు మించి ఉంది కాబట్టి అభ్యంతరం లేదన్నారు. ఈ ఆఖరి జవాబులోనే అసలు సమస్య అంతా ఉంది. కొలిచేవారూ, అమ్మేవారూ, అనుమతించేవారూ అందరూ వెడల్పు ఒక్కదానినే చూస్తున్నారు.

తుపాకి గుండు తన తాకిడితో కణజాలాన్ని ఛిద్రం చేసి చంపుతుంది. బాణానికి ఆ శక్తి లేదు. అది కోత వల్ల, కోత నుంచి కారే నెత్తురు వల్ల మాత్రమే చంపుతుంది. ఒంట్లోని నెత్తురులో సుమారు మూడో వంతు పోతే జింక కూలిపోతుంది. పదునైన అలుగులు రెండు ఊపిరితిత్తులనూ కోసుకుంటూ ఆరపార దూసుకుపోతే అది క్షణాల్లో జరిగిపోతుంది, జింకకు ఏం జరిగిందో తెలిసేలోపే. బాణం మధ్యలో ఆగిపోతే అదే పని గంటలు పడుతుంది, లేదా రోజులు. కాబట్టి ములికిని ఎంచుకోవడమంటే, ఎంత వెడల్పు కోయాలన్న ప్రశ్నకూ, ఎంత లోతుకు చేరగలమన్న ప్రశ్నకూ మధ్య బేరం కుదుర్చుకోవడం. బేరంలో ఒక వైపు మాత్రమే పెట్టె మీద అచ్చువేసి, రెండో వైపును కొనేవాడి ఊహకు వదిలేస్తున్నారు. ఈ విషయంలో నేను గమనించిన వాస్తవాలను మీ ముందు ఉంచుతున్నాను.

1. విల్లు వైపు లెక్క అందరికీ అందుబాటులో ఉంది, ములికి వైపు లెక్క ఎవరికీ అందుబాటులో లేదు. గ్రెయిన్లలో బాణం బరువును, సెకనుకు అడుగుల్లో వేగపు వర్గంతో హెచ్చించి, 450240తో భాగిస్తే గతిజ శక్తి అడుగు-పౌండ్లలో వస్తుంది. మా చెల్లెలి బాణానికి ఆ లెక్క దాదాపు 30 అడుగు-పౌండ్లు. బాణాలు తయారుచేసే ఈస్టన్ సంస్థ పేరుతో చాలాకాలంగా చెలామణిలో ఉన్న పట్టిక ప్రకారం జింకకు 25 నుంచి 41 వరకు, ఎల్క్, అడవిపంది వంటి వాటికి 42 నుంచి 65 వరకు, అంతకంటే మొండి జంతువులకు 65కు పైన ఉండాలి. ఆ పట్టిక ప్రకారం ఆమె విల్లు జింకకు సరిపోతుంది. కాని బాణం కొన ఏ ఆకారంలో ఉన్నా ఆ పట్టిక ఒకే మాట చెబుతుంది. 1 అంగుళం వెడల్పుతో, అలుగులు కదలకుండా, తాకగానే కోయడం మొదలుపెట్టే స్థిరమైన ములికికీ, తాకిన తరువాత విచ్చుకుని 2 అంగుళాలు కోయవలసిన ములికికీ ఒకే 30 అడుగు-పౌండ్లు చాలునని ఏ విలుకాడూ అనడు. అలుగులను విప్పడానికే కొంత శక్తి ఖర్చవుతుంది. విప్పిన అలుగులను చర్మంలోంచి, పక్కటెముకల మధ్య నుంచి లాక్కుపోవడానికి ఇంకా ఎక్కువ ఖర్చవుతుంది. ఈ ఖర్చు ఎంతో తయారీదారులైన మీరు పరీక్షించే ఉంటారు, పరీక్షించకుండా బజారులో పెట్టరనే నా నమ్మకం. ఆ సంఖ్య మీ కార్యశాల దాటి బయటికి రావడం లేదు.

2. గతిజ శక్తి ఒక్కటే చూసినా మోసపోతాం. 400 గ్రెయిన్ల బాణం సెకనుకు 270 అడుగులు పోతే దాని శక్తి సుమారు 65 అడుగు-పౌండ్లు. 500 గ్రెయిన్ల బాణం 245 అడుగులు పోతే దాదాపు 67. శక్తి లెక్కలో రెండూ ఇంచుమించు సమానమే. ద్రవ్యవేగం (బరువును వేగంతో హెచ్చిస్తే వచ్చేది) చూస్తే మొదటిదానికంటే రెండోదానికి 13 శాతం ఎక్కువ. ఎముకను తాకినప్పుడు ఆగిపోకుండా ముందుకు నెట్టేది ఈ ద్రవ్యవేగమేనని బరువైన బాణాలతో పెద్ద జంతువులను వేటాడినవారంతా చెప్పే మాట. నా అనుభవమూ అదే. బాణం తేలికైతే దాని దారి చదునుగా ఉంటుంది, దూరం అంచనాలో పొరపాటును అది మన్నిస్తుంది. ఎముకను మాత్రం మన్నించదు. కొత్తవారికి తేలికైన, వేగమైన బాణాన్నే అమ్ముతున్నారు, ఎందుకంటే వేగం ప్రకటనలో బాగా పలుకుతుంది.

3. వెడల్పు అని మీరు అచ్చువేసే సంఖ్య కూడా పూర్తి నిజం చెప్పదు. 2 అంగుళాల వెడల్పున్న రెండు అలుగుల ములికి వేసే కోత పొడవు మొత్తం 2 అంగుళాలు. 1 అంగుళం వెడల్పున్న నాలుగు అలుగుల ములికి కోతలన్నీ కలిపినా అంతే, 2 అంగుళాలు. అంగుళమూ ఎనిమిదో వంతు వెడల్పున్న మూడు అలుగుల ములికికి అంగుళమున్నర పైచిలుకు, సుమారు 1.69 వస్తుంది. కోత పొడవు సమానమైనా ఈ ములుకుల నడక వేరు. ఒకే చీలికగా పడే పొడవాటి కోత మూసుకుపోవచ్చు. మూడు, నాలుగు దిశల్లో పడే కోత తెరుచుకుని ఉంటుంది. చర్మం ఎక్కువ చోట్ల తెగాలి కనుక ప్రతిఘటన కూడా మారుతుంది. పెట్టె మీద వెడల్పు ఒక్కటే చూసి కొనేవాడు వీటిని పోల్చలేడు.

4. అలుగుల ఏటవాలు సంగతి మరీ ముఖ్యం, దాని గురించే అన్నిటికంటే తక్కువ మాట్లాడతారు. ములికి అంటే మొదట, దూరుతూ చీల్చుకుపోయే ఒక చీల. పొడవు వెడల్పుకు మూడు రెట్లున్న సన్నని రెండు అలుగుల ములికి అదే బలంతో ఎక్కువ లోతుకు దిగుతుందని హోవర్డ్ హిల్ వంటి పాతకాలపు విలుకాళ్లు అనుభవంతో చెప్పారు. తరువాత డాక్టర్ ఎడ్ ఆష్‌బీ 1980ల తొలినాళ్లలో దక్షిణాఫ్రికాలోని నటాల్‌లో మొదలుపెట్టి, ఆ పైన ఆస్ట్రేలియాలో అడవి గేదెల మీద కూడా బాణాలను పరీక్షించి, ఏది ఎంత లోతుకు పోయిందో వరుసగా నమోదు చేశారు. ఆయన అన్నిటికంటే ముందు పెట్టింది బాణం వంగకుండా, విరగకుండా ఉండడాన్ని. ఆ తరువాత తిన్నగా ఎగరడం. బాణపు బరువు, ములికి ఆకారం, పదును అన్నీ వీటి వెనకే వస్తాయి. గట్టి ఎముకను ఛేదించడానికి ఆయన చెప్పిన హద్దు సుమారు 650 గ్రెయిన్లు. ఆ సంఖ్యను పట్టుకుని ప్రతి జింక వేటగాడూ 650 గ్రెయిన్ల బాణం వేయాలని వాదించేవారున్నారు. నేను వారిలో ఒకడిని కాను. పక్కటెముకల మీద తగిలే బాణానికి, జింకకు, అంత బరువు అక్కరలేదు. కాని ఎల్క్‌కూ, అంతకంటే పెద్ద జింకజాతి జంతువైన మూస్‌కూ బయలుదేరేవాడికి ఆ వరుస తెలియాలి. మూడు వందల కిలోలు దాటే జంతువు జబ్బ ముందు, సన్నని అల్యూమినియం ఒరలో (అలుగులను పట్టి ఉంచే నడిమి భాగంలో) పలచని అలుగులు బిగించిన ములికిని నిలబెట్టడం సాహసమే. ఒకే వైపు నూరిన అలుగు ఎముకలో తిరుగుతూ దాన్ని చీలుస్తుందని, అయితే నూరిన వైపూ బాణం తోక ఈకల మెలికా ఒకే దిక్కున ఉంటేనే అలా జరుగుతుందని ఎంతమంది శిక్షకులు చెబుతున్నారు?

5. మెకానికల్ ములుకుల మీద నాకు పగ లేదు. ఈ లేఖను వాటి మీద దండయాత్రగా చదవవద్దని కోరుతున్నాను. హోలిస్ విల్బర్ అలెన్ కాంపౌండ్ విల్లుకు 1969లో పేటెంట్ పొందాక బాణాల వేగం పెరుగుతూ వచ్చింది. వేగం పెరిగేకొద్దీ స్థిరమైన అలుగులు బాణం ముందు రెక్కల్లా గాలిని పట్టుకుని దారి తప్పించడమూ పెరిగింది. ఆ బాధకు మందుగానే అలుగులు ముడుచుకుని ఎగిరే ములుకులు బలపడ్డాయి. బలమైన విల్లు నుంచి, సరైన కోణంలో తగిలినప్పుడు వాటి పనితనాన్ని కళ్లారా చూశాను. మేరీల్యాండ్‌లోని ఒక నౌకాదళ స్థావరంలో రెండు దశాబ్దాలకు పైగా తెల్లతోక జింకల మీద ఉంచిన లెక్కల్లో, కొట్టిన జింకను తిరిగి వెదికి పట్టుకున్నవారి శాతం స్థిరమైన ములుకుల కంటే మెకానికల్ వాడినవారిలోనే ఎక్కువగా తేలింది. నా వాదనకు ఇది అడ్డుపడుతుందని తెలిసీ చెబుతున్నాను. ఆ లెక్క చెప్పేది తెల్లతోక జింక గురించి. 45 పౌండ్ల విల్లు లాగే మనిషికీ, ఎల్క్ ముందు నిలబడే మనిషికీ అది హామీ కాదు. వాలుగా తగిలినప్పుడు ముందు నుంచి తెరుచుకునే అలుగుల్లో ఒకటి ముందుగా పట్టుకుని బాణాన్ని పక్కకు తోసే ప్రమాదం కూడా ఉంది. ఇక అలుగులను ముడిచి ఉంచే రబ్బరు వలయాలు, ప్లాస్టిక్ పట్టీలు ఎండకూ కాలానికీ పెళుసెక్కుతాయి. నిరుటి వలయాన్ని ఈ ఏడాది నమ్మి, అల్లెతాడు వదలగానే గాలిలోనే విచ్చుకున్న ములికిని నేనే ఒకటి చూశాను. తినే వస్తువుకు గడువు తేదీ వేసే లోకంలో, ఒక ప్రాణి చావు ఎంతసేపు పడుతుందో నిర్ణయించే రబ్బరు వలయానికి తేదీ ఉండదు.

6. బరువు, పదును. 100 గ్రెయిన్లని రాసి ఉన్న ఒకే పెట్టెలోని మూడు ములుకులను తూచి చూస్తే మూడూ మూడు బరువులు తూగాయి. వాటిలో ఒకటి బాణానికి బిగించి వేళ్ల మధ్య తిప్పితే కొన గిలగిలా ఊగింది. పదును విషయం అంతకంటే విచారకరం. బిగించి లాగిన రబ్బరు బ్యాండు మీద అలుగును ఆనించగానే అది తెగాలి, నొక్కితే కాదు. కొత్తవని కొన్నవాటిలో ఈ పరీక్షకు నిలవనివి చూశాను. మొండి అలుగు రక్తనాళాన్ని పక్కకు తోసి పోతుంది, కోయదు. దీని గురించి ఇంతకంటే చెప్పనక్కర లేదు.

7. నిబంధనల మాట. చాలా ప్రాంతాల్లో చట్టం కోరేది కనీస వెడల్పు, సాధారణంగా అంగుళంలో 7/8 వంతు. ముల్లులా వెనక్కి పట్టుకునే కొక్కెపు అలుగులు వద్దంటుంది. ఎన్నో చోట్ల విల్లు లాగుడుకు కనీస బరువు కూడా పెడుతుంది. ఇవి మంచి నిబంధనలే. మరీ సన్నని ములుకులతో జంతువులను గాయపరచకుండా ఇవి ఆపాయి. అయితే ఇప్పటి బజారులో ప్రమాదం రెండో వైపు నుంచి వస్తోంది. బలం తక్కువైన విల్లుకు వెడల్పు ఎక్కువైన ములికి తగిలించడాన్ని ఏ నిబంధనా ప్రశ్నించదు. విల్లుకు ఒక హద్దు, ములికికి ఒక హద్దు విడివిడిగా ఉన్నాయి. ఈ విల్లుకు ఈ ములికి తగునా అన్న ప్రశ్న రెండింటి మధ్యా జారిపోయింది.

ఈ లోపాల బరువు మోసేది ఎవరో కూడా చెప్పాలి. కొత్తగా నేర్చుకునేవారు, ఆడవారు, పదిహేనేళ్ల పిల్లలు, భుజం నొప్పితో లాగుడు తగ్గించుకున్న పెద్దవారు. వీరందరివీ 40, 45, 50 పౌండ్ల విల్లులే. ప్రకటనల్లో కనిపించేవాడు మాత్రం 70 పౌండ్ల విల్లు లాగే కండలవాడు. అతనికి పనిచేసిన ములికి వీరికీ పనిచేస్తుందని అమ్ముతున్నారు. తొలి జింకను గాయపరిచి పోగొట్టుకున్న మనిషి చాలాసార్లు మళ్లీ విల్లు పట్టడు, పట్టినా చేయి వణుకుతుంది. మాంసం కోసమే వేటకు వెళ్లే ఇంట్లో ఆ ఏడాది అనుమతి ఉత్తదైపోతుంది. జంతువు ఒంట్లో విరిగిన అలుగు ముక్క ఉండిపోతే, దాన్ని కోసి శుభ్రం చేసేవారి వేళ్లు తెగుతాయి. పొలంలో పడిపోయిన ములికి రైతు కుక్క పాదంలోనో, ట్రాక్టరు చక్రంలోనో తేలుతుంది. కుంటుతూ తిరిగే జింకను, కుళ్లిన కళేబరాన్ని చూసిన భూయజమాని మర్నాడు తన గేటుకు తాళం వేస్తాడు. అప్పుడు జాగ్రత్తగా వేటాడేవారికీ దారి మూసుకుపోతుంది. ఇక అన్నిటికంటే ముందు ఆ జంతువు ఉంది. దాని తరఫున ఉత్తరం రాసేవారు ఎవరూ లేరు.

అందుచేత ఈ కింది కోర్కెలను మీ ముందు పెడుతున్నాను.

తయారీదారులకు:

1. ప్రతి పెట్టె మీద, వెడల్పు రాసినంత పెద్ద అక్షరాల్లో, ఆ ములికికి కావలసిన కనీస గతిజ శక్తి, కనీస ద్రవ్యవేగం రాయండి. జింక స్థాయికి ఒక సంఖ్య, ఎల్క్, మూస్ స్థాయికి ఒక సంఖ్య. ఆ పెద్ద జంతువులకు పనికిరాదని మీకే తెలిస్తే, పనికిరాదని రాయండి. లెక్క వేసుకోలేనివారి కోసం విల్లు లాగుడు, బాణపు బరువులతో చిన్న పట్టిక చాలు.

2. వెడల్పుతోపాటు మొత్తం కోత పొడవు, అలుగు మందం, ఒర ఏ లోహంతో చేసినదీ తెలపండి. బరువులో ఎన్ని గ్రెయిన్ల తేడాను అనుమతిస్తున్నారో కూడా తెలపండి.

3. రబ్బరు వలయాలకు, పట్టీలకు తయారైన తేదీ వేయండి, ఎంతకాలానికి మార్చాలో చెప్పండి. అదనపు వలయాలు పెట్టెలోనే ఉంచండి.

4. ఇనుప పీపాలను, సిమెంటు ఇటుకలను ఛేదించే ప్రదర్శనలు ఆపమని అడగను, చూడడానికి సరదాగానే ఉంటాయి. కాని ఏ జంతువూ ఇనుప పీపాలా ఉండదు. తడి చర్మం, పక్కటెముక, జబ్బ ఎముకల మీద, తిన్నగానూ వాలుగానూ, 45 పౌండ్ల విల్లుతోనూ 70 పౌండ్ల విల్లుతోనూ చేసిన పరీక్షల ఫలితాలను, విఫలమైనవాటితో సహా, బయటపెట్టండి.

దుకాణదారులకు: ములికి చేతికిచ్చే ముందు మూడు ప్రశ్నలు అడగండి. విల్లు లాగుడు ఎంత, బాణం బరువెంత, దేని వేటకు. జవాబు తెలియనివారికి తూచి, వేగం కొలిచి చెప్పండి. తక్కువ బలమున్న విల్లుకు, తాకగానే కోసే సన్నని స్థిరమైన ములికిని ముందు చూపించండి.

శిక్షకులకు:

1. సాధన మొనలతో గురి కుదిరిందంటే వేట ములికితోనూ కుదిరినట్టేనన్న అపోహను మొదటి పాఠంలోనే పోగొట్టండి. బ్రాడ్‌హెడ్ ఒక చోట, సాధన మొన మరో చోట తగులుతున్నాయంటే తప్పు ములికిది కాకపోవచ్చు. విల్లు అమరిక సరిగా లేదని, కాడ స్పైన్ (వంగకుండా నిలిచే గట్టిదనం) దానికి కుదరలేదని అర్థం. ఆ తేడాను సరిచేయకుండా ములికిని మార్చి తప్పించుకోవడం నేర్పవద్దు.

2. వేటకు తీసుకువెళ్లే ములికితోనే సాధన చేయించండి. తరువాత అలుగులు మార్చడమో, మళ్లీ నూరడమో చేయించండి. రబ్బరు బ్యాండు పరీక్షను ప్రతి విద్యార్థి చేత స్వయంగా చేయించండి. పదును చూసేటప్పుడు, బిగించేటప్పుడు చేతులు తెగకుండా ములికిని బిగించే రెంచి వాడడమూ అందులో భాగమే.

3. మనవైపు వాలుగా తిరిగి నిలబడిన జంతువు మీద బాణం వేయకుండా ఆగడం, పక్కకు నిలబడినప్పుడో అవతలి వైపు వాలినప్పుడో వేయడం పాత పాఠమే. ఏ ములికికి ఏ కోణం మరీ ప్రమాదమో దానికి జతచేయండి.

అధికారులకు:

1. కనీస వెడల్పు నిబంధనను అలాగే ఉంచి, తక్కువ లాగుడు విల్లులకు ఎంత వెడల్పు దాటరాదో సలహాగానైనా అనుమతి పుస్తకంలో చేర్చండి. ఒక్క పేజీ చాలు.

2. వేట ముగిశాక మాచేత నింపించే నివేదికలో, దొరికిన జంతువుతోపాటు తగిలి దొరకని జంతువు కూడా ఒక గడిలో ఉండాలి. ఏ రకం ములికి, ఎంత లాగుడు, ఎక్కడ తగిలింది అన్న మూడు వివరాలు చాలు. దొరకలేదని ఒప్పుకున్నవాడిని శిక్షించకండి. శిక్షిస్తే ఎవరూ నిజం రాయరు. నాలుగైదు వేటకాలాల్లో ఆ గడుల నుంచే, నాలాంటివాడి అనుభవం కంటే గట్టి ఆధారం మీకు దొరుకుతుంది. అప్పుడు నేను తప్పని తేలితే, ఇదే విధంగా బహిరంగంగా ఒప్పుకుంటాను.

3. పెట్టె మీద ఏ వివరాలు ఉండాలన్న దానిపై తయారీదారులను, శిక్షకులను, వేటగాళ్లను ఒక్కచోట కూర్చోబెట్టండి. ఆ సమావేశానికి తక్కువ లాగుడు విల్లు పట్టేవారిని కూడా పిలవండి. వారు లేకుండా జరిగే చర్చలో మళ్లీ 70 పౌండ్ల విల్లే మాట్లాడుతుంది.

మా చెల్లెలు మరుసటి ఏడాది అదే విల్లుతో మళ్లీ వెళ్లింది. ఈసారి 125 గ్రెయిన్ల, రెండు అలుగుల, స్థిరమైన ములికి బిగించింది. వారం రోజులు తనే కూర్చుని నూరుకుంది. బాణం బరువు 375 గ్రెయిన్లకు పెరిగింది, వేగం కొంత తగ్గింది. 18 గజాల దూరం నుంచి వేసిన బాణం రెండు పక్కటెముకల మధ్య దూరి అవతలి వైపు నేలలో గుచ్చుకుంది. జింక అరవై గజాల లోపే పడిపోయింది. ఒక్క వేటతో ఏదీ రుజువు కాదని తెలుసు, ఈసారి ఆమె గురి కూడా బాగుంది. కాని ఈ ములికిని ఎంచుకోవడానికి ఆమెకు పట్టింది నాలుగు నెలల వెతుకులాట, పదిమందిని అడగడం, నాతో రెండు తగాదాలు. పెట్టె మీద రెండు సంఖ్యలు ఉంటే మొదటి ఏడాదే, దుకాణంలో నిలబడి, అయిదు నిమిషాల్లో ఎంచుకునేది.

వచ్చే వేటకాలం మొదలయ్యేలోగా, పై కోర్కెల్లో వేటిని ఒప్పుకుంటున్నారో, వేటిని ఎందుకు కాదంటున్నారో, నాకు విడిగా కాక అందరికీ కనబడేలా రాతపూర్వకంగా తెలపవలసిందిగా కోరుతున్నాను. ఉచితంగా పంపిన పెట్టెను విప్పలేదు. మీకే తిరిగి పంపుతున్నాను, దాని మీద ఆ రెండు సంఖ్యలు వేసి ఇప్పిస్తారని.

భవదీయుడు,
పన్నెండేళ్లుగా మీ ములుకులు కొంటున్న ఒక విలుకాడు